ఎకనామిక్స్ చదవాలంటే ముందు గీత గీయండి

మాది పత్తికొండ దగ్గర పల్లె. కర్నూలులో బీఏ చేరిన కొత్తలో డిమాండ్ వ్యాకోచత్వం (ధర మారితే కొనుగోలు ఎంత మారుతుందో చెప్పే కొలత) నిర్వచనం బట్టీ పట్టాను. పరీక్షలో లెక్క ఇస్తే చెయ్యి ఆడలేదు.

తర్వాత మా టమాటాతోనే లెక్క వేసి చూశాను. కిలో 20 రూపాయలకు 100 కిలోలు అమ్మితే 2000. పంట విరగకాసింది, 120 కిలోలు అమ్ముడుపోవాలంటే ధర 10కి దిగాలి అనుకోండి. చేతికొచ్చేది 1200. ధర 50 శాతం పడితే కొనుగోలు పెరిగింది 20 శాతమే, అంటే వ్యాకోచత్వం 0.4. ఒకటికన్నా తక్కువ, అంటే ధర పడితే రాబడీ పడుతుంది! పంట బాగా పండిన ఏడే నాన్న ఎందుకు దిగులుపడేవాడో అప్పుడు అర్థమైంది.

ప్రతి పాఠానికీ ఇలా మీ ఊరి సరుకు ఒకటి పట్టుకోండి. నిలువు అక్షం మీద ధర, అడ్డం మీద పరిమాణం పెట్టి పటం మీరే గీయండి. ధర మారితే ఆ డిమాండ్ రేఖ మీదే కదులుతాం. కొనేవాళ్ల ఆదాయం మారితే రేఖే జరుగుతుంది. ఈ తేడా పట్టుబడేదాకా ముందుకు పోవద్దు. లెక్కలంటే టెన్షన్ ఉన్నవాళ్లు శాతాలు, వాలు రోజూ అరగంట చేయండి.