అకలేషియా ఆపరేషన్: కడుపు ఖాళీగా ఉంటే చాలదు

మత్తు ఇస్తుండగా పేషెంటు తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోయిందన్న వార్త మళ్లీ మళ్లీ వింటూనే ఉంటాం. మిగతావాళ్లకు అది అరుదైన ప్రమాదం. అన్నవాహిక కింది కవాటం తెరుచుకోని అకలేషియా పేషెంట్లకు మాత్రం అది పక్కనే పొంచి ఉంటుంది.

రాత్రి పన్నెండు నుంచి ఏమీ తినొద్దని అందరికీ చెప్పే లెక్క కడుపుది. కడుపులో పడ్డ అన్నం కొన్ని గంటల్లో కిందికి జారిపోతుంది. అకలేషియా ఉన్న మీ అన్నం అసలు కడుపుదాకా పోతేగా! సాగిపోయిన అన్నవాహికలో మొన్నటి మెతుకులు కూడా నిలిచి ఉంటాయి. మత్తులో దగ్గు రాదు. పడుకోబెట్టగానే ఆ నిల్వంతా గొంతులోకి, అక్కణ్ణుంచి శ్వాసనాళంలోకి వస్తుంది. ఖాళీ కావాల్సింది కడుపు ఒక్కటే కాదు, అన్నవాహిక కూడా.

కాబట్టి సర్జన్‌ని, మత్తు డాక్టర్ని సూటిగా అడగండి: "క్లియర్ లిక్విడ్స్ ఎన్ని రోజులు?" సాధారణంగా ఒకటి రెండు రోజులు. అన్నవాహిక బాగా వెడల్పైతే ఇంకా ఎక్కువ చెప్పవచ్చు. క్లియర్ అంటే గ్లాసులో పోస్తే అవతలివైపు కనిపించాలి: నీళ్లు, కొబ్బరి నీళ్లు, వడగట్టిన చారు తేట, పాలు లేని టీ. పాలు, మజ్జిగ, రాగి జావ, గంజి కావు. మెత్తగా పిసికిన పెరుగన్నం అన్నమే. "నీరసపడిపోతాడు" అని ముందురోజు సాయంత్రం రెండు ఇడ్లీలు పెట్టే ఇంటివాళ్లదే అసలు సమస్య. పెట్టేస్తే దాచకండి. ఆపరేషన్ వాయిదా పడుతుంది, అంతే.

ఎండోస్కోపీ "చిన్న పరీక్షే కదా" అనుకోవద్దు. అక్కడా మత్తు ఇస్తారు కాబట్టి అక్కడా ఇదే నియమం.

ఏ ఆపరేషన్ అన్నది మానోమెట్రీ (అన్నవాహిక లోపలి ఒత్తిడిని కొలిచే పరీక్ష) చూసి తేలాలి. టైప్ 3, అంటే అన్నవాహిక బిగుసుకుపోయే రకం అయితే, దాని కండరాన్ని పైదాకా కోయాలి, దానికి పోయెమ్ (POEM) అనువు. నోటి ద్వారా ఎండోస్కోప్‌తో చేసే ఈ పద్ధతిని 2008లో జపాన్‌లో డాక్టర్ ఇనోవే మొదలుపెట్టారు. హైదరాబాద్‌లోనూ చేస్తున్నారు. పొట్ట మీద గాటు ఉండదు గానీ, తర్వాత యాసిడ్ పైకి తన్నడం ఎక్కువ. లాప్రోస్కోపీతో చేసే హెల్లర్ మయోటమీలో అన్నవాహిక మీద సుమారు 6 సెంటీమీటర్లు, కడుపు మీద 2 నుంచి 3 సెంటీమీటర్లు కండరం కోసి, యాసిడ్‌ని ఆపడానికి కడుపు పైభాగాన్ని కొంత చుట్టి కుడతారు. మింగలేని ఇబ్బంది 60 దాటాక కొత్తగా మొదలైనా, కొన్ని నెలల్లోనే బరువు బాగా తగ్గినా, ముందు క్యాన్సర్ లేదని తేల్చుకోండి.

చెప్పాల్సినవి, చేయాల్సినవి:

- గతంలో కవాటాన్ని సాగదీయడానికి బెలూన్ పెట్టించుకున్నా, బోటాక్స్ ఇంజెక్షన్ వేయించుకున్నా చెప్పండి. లోపల పొరలు అతుక్కుని ఉండొచ్చు.
- రక్తం పలచబరిచే మందులు సొంతంగా ఆపొద్దు, సొంతంగా కొనసాగించొద్దు.
- షుగర్ ఉంటే ద్రవాల రోజుల్లో ఇన్సులిన్ ఎంతో రాయించుకోండి. మామూలు డోసు వేస్తే షుగర్ పడిపోతుంది.
- షుగర్‌కో, బరువు తగ్గడానికో సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ వాడుతుంటే మత్తు డాక్టర్‌కి చెప్పండి. దానివల్ల కడుపు కూడా నెమ్మదిగా ఖాళీ అవుతుంది.
- అన్నవాహిక లోపల ఫంగస్ కనిపిస్తే మందు వాడి తగ్గాకే ఆపరేషన్.
- రాత్రి తలవైపు ఎత్తుగా పెట్టి పడుకోండి.
- దగ్గు, జ్వరం ఉంటే ఆపరేషన్ రోజు దాకా దాచొద్దు.
- ఆపరేషన్ టేబుల్ దగ్గర కూడా చెప్పండి: "నాకు అకలేషియా, అన్నవాహికలో నిల్వ ఉంటుంది." ఫైల్లో రాసుందిలే అనుకోవద్దు.
- వక్క, గుట్కా, చూయింగ్ గమ్ వద్దు. ఒక్కటీ వద్దు.
- మళ్లీ చెబుతున్నాం: ముందురోజు జావ వద్దు, ఇడ్లీ వద్దు, "ఒక్క ముద్ద" వద్దు.
- ఆపరేషన్ తర్వాత డాక్టర్ చెప్పేదాకా నోట్లో నీటి చుక్క కూడా పోయొద్దు. వికారం వస్తే వెంటనే నర్సుకు చెప్పండి, వాంతి కొత్త గాటుకు దెబ్బ.
- కోత కవాటాన్నే తెరుస్తుంది, అన్నవాహిక కదలికను తిరిగి తేదు. ఇకపైనా నిటారుగా కూర్చుని, బాగా నమిలి, మధ్యలో నీళ్లు తాగుతూ తినాలి. పడుకునే ముందు 3 గంటలు ఏమీ వద్దు.
- ఇంటికొచ్చాక జ్వరం, ఛాతీనొప్పి, ఆయాసం, గుండెదడ వస్తే, కోసిన చోట అన్నవాహిక లీకవుతోందేమో చూడాలి. తెల్లారేదాకా ఆగొద్దు, ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే వెళ్లండి.