కొత్త బండికి గ్యాస్ కిట్టా, డీజిలా? డబ్బు కట్టే ముందు ఇలా తేల్చుకోండి

పెట్రోల్ బండి కొని ఎల్పీజీ గ్యాస్ కిట్ బిగించుకోవాలా, డీజిల్ బండే కొనాలా అన్నది చాలామందికి తేలని లెక్క. మా తోడల్లుడు ఉండేది గుంటూరు బ్రాడీపేటలో. మైలేజీ బాగా వస్తుందని రెండేళ్ల కిందట డీజిల్ కారు కొన్నాడు. ఇంటి నుంచి షాపుకి, షాపు నుంచి పిల్లల స్కూలుకి, రోజుకి ఏడెనిమిది కిలోమీటర్లు తిరిగితే గొప్ప. ఎనిమిది నెలలకే డ్యాష్‌బోర్డు మీద పసుప్పచ్చ లైటు వెలిగింది. "హైవే ఎక్కించి అరగంట ఆపకుండా తోలండి సార్" అన్నాడు మెకానిక్. కాజా టోల్‌గేటు దాకా వెళ్లొస్తే ఆరిపోయింది. అప్పట్నుంచి ప్రతి ఆదివారం కారుని వాకింగుకి తీసుకెళ్లినట్టు హైవే మీద తిప్పుకొస్తున్నాడు. మిగిలిన మైలేజీ డబ్బులు అక్కడే ఖర్చు.

1. బంకు బోర్డు కాదు, మీ కిలోమీటర్లు చూడండి

ఇప్పుడున్న బండి మీటరు రీడింగ్ ఒక నెలపాటు రాసుకోండి. మొత్తం కిలోమీటర్లతో పాటు, అందులో ఊళ్లో తిరిగింది ఎంత, హైవే మీద ఎంత అన్నది కూడా. విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఆగి ఆగి నడిచే పది కిలోమీటర్లు, చిలకలూరిపేట దారిలో సాఫీగా సాగే పది కిలోమీటర్లు ఇంజన్‌కి ఒకటి కావు.

2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 (పొగ కాలుష్యం మీద కేంద్రం పెట్టిన ప్రమాణం) డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. దాన్నే డీపీఎఫ్ అంటారు. సైలెన్సర్ లైను బాగా వేడెక్కితేనే ఆ మసి కాలిపోతుంది. ఇంజన్ వేడెక్కేలోపే ఇల్లు వచ్చేస్తుంటే మసి పేరుకుపోతుంది. మా తోడల్లుడి బండిలో వెలిగిన లైటు దీనిదే. కొన్ని మోడళ్లకు యాడ్‌బ్లూ అనే, పొగలోని విషవాయువుల్ని తగ్గించే ద్రవం కూడా పోస్తూ ఉండాలి. కాబట్టి నెలలో ఎక్కువ భాగం ఊళ్లోనే తిరిగేవాళ్లు డీజిల్ ఆలోచన ఇక్కడితో ఆపేయవచ్చు. పైగా మారుతీ 2020లోనే డీజిల్ మానేసింది. చిన్న కార్లలో డీజిల్ దాదాపు కనుమరుగైంది, మిగిలినవి ఎక్కువగా పెద్ద బండ్లే.

డీజిల్ బండిని పదేళ్లకే మూలన పెట్టాలట కదా అని కొందరు టెన్షన్ పడతారు. ఆ గొడవ ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతాలది. విజయవాడకి తెచ్చి పెట్టుకోకండి.

2. కిలోమీటరుకి ఎంతో లెక్కేయండి

గ్యాస్ లీటరు ధర చూసి మురిసిపోతే మోసపోతాం. ఒక లీటరు ఎల్పీజీలో ఉండే శక్తి లీటరు పెట్రోల్ కంటే తక్కువ. మైలేజీ సుమారు 15 నుంచి 25 శాతం పడిపోతుంది. డీజిల్‌ది దీనికి ఎదురు, లీటరులో శక్తి ఎక్కువ.

లెక్క సులువుగా ఉండటానికి పెట్రోల్ 110, డీజిల్ 98, గ్యాస్ 65 రూపాయలనుకుందాం. మీరు ఆరోజు బోర్డు మీద ఉన్న ధరలు వేసుకోండి. పెట్రోల్‌కి 16, గ్యాస్‌కి 13, డీజిల్‌కి 20 మైలేజీ అనుకుంటే కిలోమీటరుకి పెట్రోల్ 6.90, గ్యాస్ 5, డీజిల్ 4.90 పడతాయి. గ్యాస్‌కీ డీజిల్‌కీ తేడా పది పైసలే!

అసలు తేడా ముందు పెట్టే డబ్బులో ఉంది. పెట్రోల్ మోడల్ కంటే డీజిల్ మోడల్ 1,20,000 ఎక్కువ, గ్యాస్ కిట్ 45,000 అనుకోండి. డీజిల్‌కి పెట్టింది తిరిగి రావాలంటే 60,000 కిలోమీటర్లు నడపాలి, కిట్‌కి సుమారు 24,000 చాలు. నెలకి 800 తిరిగేవాడికి డీజిల్ డబ్బు రాబట్టుకోవడానికి ఆరేళ్లు దాటుతుంది, కిట్‌కి రెండున్నరేళ్లు. రోజూ మిర్చి యార్డు పనిమీద నర్సరావుపేట, తెనాలి తిరుగుతూ నెలకి 2,500 దాటించేవాడికి డీజిల్ రెండేళ్లలో గిట్టుబాటవుతుంది. కిట్ డబ్బు ఇంకా ముందే తిరిగొచ్చినా, హైవే మీద ఎక్కువ తిరిగే అలాంటివాళ్లకి నా ఓటు డీజిల్‌కే.

3. మీ దారిలో గ్యాస్ బంకులు లెక్కపెట్టండి

ఫోన్‌లో మ్యాప్ చూసి నమ్మకండి, ఒకసారి వెళ్లి పంపు నడుస్తోందో లేదో చూసి రండి. రోజూ వెళ్లే దారిలో కనీసం రెండు లేకపోతే కిట్ ఆలోచన మానుకోండి. ట్యాంకులో 80 శాతమే నింపుతారు. 40 లీటర్ల ట్యాంకంటే 32 లీటర్లే, అంటే నాలుగొందల కిలోమీటర్ల చిల్లర. మీ దారిలో సీఎన్‌జీ బంకులే ఎక్కువ కనిపిస్తే ఇదే లెక్క దానికి వేసి చూడండి.

వంటింటి సిలిండర్ నుంచి ఎక్కిస్తామనేవాళ్ల జోలికి అసలు వెళ్లొద్దు. అది చట్టవిరుద్ధం, ప్రాణాల మీదికి కూడా వస్తుంది.

4. కిట్ అనుకుంటే కాగితాలు ముందు

3.5 టన్నుల లోపు బీఎస్-6 పెట్రోల్ బండ్లకు బయట కిట్ బిగించుకోవడానికి కేంద్రం 2022లో వీలు కల్పించింది. ఆటోనగర్‌లో అడిగితే పది షాపులు చూపిస్తారు. "ఈ కిట్‌కి నా మోడల్ మీద అప్రూవల్ ఉందా?" అని అడిగి, కాగితం చేతికిచ్చాకే అడ్వాన్స్ ఇవ్వండి. గ్యాస్‌ని గాలితో కలిపి పంపే పాతకాలం మిక్సర్ కిట్ వద్దు, ఇంజన్‌లోని ఒక్కో సిలిండర్‌కి విడిగా కొలిచి పంపే సీక్వెన్షియల్ ఇంజెక్షన్ అడగండి. బయట బిగిస్తే ఇంజన్ వారంటీ పోతుందేమో షోరూములో రాతపూర్వకంగా తెలుసుకోండి.

తర్వాత ఆర్టీవో దగ్గర ఆర్సీలో ఇంధనం మార్పు ఎక్కించాలి, ఇన్సూరెన్సులో కిట్ రాయించాలి. అదనపు ప్రీమియం తక్కువే, కిట్ విలువ మీద 4 శాతం, థర్డ్ పార్టీకి 60 రూపాయలు. తెలిసినాయన ఒకరు ఈ రెండూ రేపు మాపు అంటూ వాయిదా వేశారు. రామవరప్పాడు దగ్గర వెనక నుంచి లారీ తగిలింది. సర్వేయర్ డిక్కీ తెరిచి ట్యాంకు చూశాడు, అంతే, క్లెయిమ్ నెలల తరబడి నలిగింది.

5. బిగించాక

గుండ్రటి ట్యాంకు స్టెప్నీ గుంటలో కూర్చుంటుంది, స్టెప్నీ డిక్కీలోకి వస్తుంది. పెళ్లిళ్లకి సామాను సర్దేటప్పుడు గుర్తొస్తుంది. జాయింట్ల దగ్గర సబ్బు నురగ రాయించి, బుడగలు రాకపోతేనే బండి తీసుకోండి. ఇంజన్ పెట్రోల్ మీదే స్టార్టయి వేడెక్కాక గ్యాస్‌కి మారుతుంది, కాబట్టి పెట్రోల్ ట్యాంకు ఎప్పుడూ ఎండబెట్టకండి.

ఎల్పీజీ గాలికన్నా బరువు, లీకైతే కిందకి దిగి పేరుకుంటుంది. అపార్ట్‌మెంటు సెల్లార్‌లో పార్క్ చేసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. వాసన వస్తే స్టార్ట్ చేయొద్దు, లైటు స్విచ్ వేయొద్దు. వీలైతే ట్యాంకు వాల్వు కట్టేసి, అందరూ బయటికి దూరంగా వెళ్లి, అప్పుడు మెకానిక్‌కి ఫోన్ చేయండి.