రెండు నెట్ లైన్లు, ఒక ఫైర్‌వాల్: కేబుల్ పెట్టకముందే చేసుకోవాల్సిన ప్లాన్

రెండో నెట్ లైన్ తీసుకుంటే ఇక నెట్ పోయే సమస్యే ఉండదు అనుకుంటాం కదా, కానీ రెండు కంపెనీల ఫైబరూ ఒకే స్తంభాల మీదుగా వస్తుంటే ఆ స్తంభం పడిన రోజు రెండూ కలిసే పోతాయి. అందుకే ముందు అడగాల్సింది స్పీడ్ గురించి కాదు, లైన్ ఏ దారిలో వస్తోందని. వీలైతే ఒకటి ఫైబర్, ఇంకోటి 4జీ లేదా 5జీ పెట్టుకోండి. రెండిటి మోడెమ్‌లూ, ఫైర్‌వాలూ (రెండు లైన్లూ వచ్చి చేరే, లోపలి నెట్‌వర్క్‌కి నెట్ ఇచ్చే పెట్టె) అన్నీ యూపీఎస్ మీదే ఉండాలి.

తర్వాత ఫెయిలోవరా (ఒక లైన్ పోతే రెండోదానికి మారడం), లోడ్ బ్యాలెన్సింగా (రెండు లైన్లనీ ఒకేసారి వాడటం) అని తేల్చుకోండి. నా మాట వింటే ఫెయిలోవర్‌తో మొదలుపెట్టండి. లోడ్ బ్యాలెన్సింగ్ పెట్టినంత మాత్రాన ఒక ఫైల్ డౌన్‌లోడ్ స్పీడ్ డబుల్ అవ్వదు, ఒక్కో కనెక్షన్ ఒక్కో లైన్లోనే పోతుంది, పైగా మధ్యలో ఐపీ మారిందని బ్యాంక్ సైట్లు లాగౌట్ చేసేస్తుంటాయి.

ఇప్పుడు ఒక కాగితం తీసుకుని ఒక్కో లైన్‌కి ఐపీ ఎలా వస్తుందో రాసుకోండి, స్టాటిక్కా (ఎప్పుడూ మారనిది), డీహెచ్‌సీపీయా (దానంతట అదే వచ్చేది), పీపీపీఓఈయా (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయితే వచ్చేది) అని. పీపీపీఓఈ అయితే ఎంటీయూ (ఒక్క ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ సైజు) మామూలుగా 1492 పెట్టాలి, ఎందుకంటే 1500లో 8 బైట్లు దాని హెడర్‌కే పోతాయి. వ్యాన్ ఐపీ (బయటి లైన్ వైపు వచ్చే ఐపీ) 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే అది సీజీనాట్ (చాలామంది కస్టమర్లకి కలిపి ఒకే పబ్లిక్ ఐపీ), ఆ లైన్లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయట్నుంచి వచ్చే కనెక్షన్‌ని లోపలి సిస్టమ్‌కి పంపడం) పనిచేయదు, సర్వర్‌కో వీపీఎన్‌కో బయట్నుంచి రావాలంటే పబ్లిక్ ఐపీ అడగాల్సిందే.

మోడెమ్‌లని బ్రిడ్జ్ మోడ్‌లో (మోడెమ్ తను రూటర్‌లా పనిచేయకుండా లైన్‌ని నేరుగా ఫైర్‌వాల్‌కి ఇచ్చేలా) పెట్టించండి. కుదరకపోతే రెండూ 192.168.1.1 మీదే ఉన్నాయేమో చూడండి, అలా ఉంటే ఏ ప్యాకెట్ ఎటు పంపాలో ఫైర్‌వాల్‌కి అర్థం కాదు. ఒకదాన్ని 192.168.2.1కి మార్చి, లోపలి నెట్‌వర్క్‌కి 10.10.10.0 లాంటిది వేరేగా ఇవ్వండి.

అసలు దెబ్బ తగిలేది మానిటరింగ్ దగ్గర, అంటే లైన్ బతికే ఉందా అని ఫైర్‌వాల్ చూసుకునే చోట. ఫైర్‌వాల్ మామూలుగా గేట్‌వేకే (ఆ లైన్లో తన తర్వాత వచ్చే మొదటి పరికరానికి) పింగ్ చేస్తుంది, అంటే చిన్న ప్యాకెట్ పంపి జవాబు వస్తోందా అని చూస్తుంది, ఆ గేట్‌వే మన గదిలో ఉన్న మోడెమే అయితే బయట ఫైబర్ తెగినా అది జవాబిస్తూనే ఉంటుంది, లైన్ బాగానే ఉందనుకుని ఫైర్‌వాల్ మారనే మారదు. నేను ఒకసారి సగం రోజు ఇలాగే కూర్చున్నా, బ్యాకప్ లైన్ పక్కనే ఉంది కానీ ఎవరికీ నెట్ లేదు. కాబట్టి పింగ్ చేయడానికి ఒక లైన్‌కి 1.1.1.1, రెండోదానికి 8.8.8.8 (రెండూ బయట ఇంటర్నెట్‌లో ఉండే డీఎన్ఎస్ సర్వర్లు, అంటే సైట్ పేరుకి ఐపీ చెప్పేవి) ఇవ్వండి, రెండిటికీ ఒకటే ఇవ్వొద్దు. పీఎఫ్‌సెన్స్ లాంటి ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్లలో ఆ ఐపీ ఆ లైన్‌కే కట్టేసి ఉంటుంది, లైన్ పోతే ఆ ఐపీ కూడా అందదు, అందుకని దాన్నే మీ సిస్టమ్స్‌లో ఏకైక డీఎన్ఎస్‌గా పెట్టుకోకండి. ఇక ప్రొవైడర్ ఇచ్చే డీఎన్ఎస్ చాలాసార్లు వేరే ప్రొవైడర్ లైన్ నుంచి అడిగితే పలకదు, అది కూడా గుర్తుపెట్టుకోండి. 4జీకి పింగ్ లిమిట్లు (జవాబు ఎంత ఆలస్యమైతే, ఎన్ని పోతే లైన్ పోయినట్టు అనే హద్దులు) కాస్త వదులుగా పెట్టండి, లేకపోతే ఊరికే అటూ ఇటూ మారుతూ ఉంటుంది.

టెస్ట్ చేసేటప్పుడు ఫైర్‌వాల్ దగ్గర కేబుల్ పీకితే సరిపోదు, లింక్ డౌన్ అయితే ఏ ఫైర్‌వాలైనా మారుతుంది. మోడెమ్ వెనక ఫైబర్ తీసి చూడండి, దాని కొస కంటికి ఎదురుగా పెట్టుకోకండి. ఆ టైంలో ఒక ఫోన్ కాల్, ఒక వీపీఎన్ నడుస్తూ ఉండాలి. మెయిన్ లైన్ తిరిగొచ్చాక కూడా పాత కనెక్షన్లు బ్యాకప్‌లోనే వేలాడుతుంటాయి, 4జీ డేటా అలాగే కరిగిపోతుంది, రికవరీ అవ్వగానే పాత స్టేట్స్ (ఫైర్‌వాల్ గుర్తుంచుకున్న పాత కనెక్షన్ల లిస్ట్) తీసేసే ఆప్షన్ ఉంటే ఆన్ చేసి మళ్లీ ఒకసారి టెస్ట్ చేయండి.