స్లీవ్ (బరువు తగ్గడానికి పొట్టలో ఎక్కువ భాగం తీసేసే ఆపరేషన్) తర్వాత మళ్ళీ బరువు పెరిగితే రెండో ఆపరేషన్ కి ముందు ఏం చూసుకోవాలి

ముందు సిగ్గుపడటం మానండి, ఇది చాలామందికి జరిగేదే, తిండి ఒక్కటే కారణం కాదు, పొట్ట సాగడం, ఆకలి హార్మోన్లు, థైరాయిడ్, స్టెరాయిడ్ లాంటి మందులు కూడా అవ్వొచ్చు.

పాత డిశ్చార్జ్ సమ్మరీ, ఆపరేషన్ నోట్స్ వెతకండి, లేకపోతే చేసిన హాస్పిటల్లోనే అడగండి.

తర్వాత వారంపాటు తిన్నదంతా రాయండి. మా అక్క రాసింది, అన్నం నాలుగు ముద్దలే, కానీ సాయంత్రం ఆర్కే బీచ్ లో మురీ మిక్చర్, పంచదార టీ రెండుసార్లు, రాత్రి టీవీ ముందు బిస్కెట్ ప్యాకెట్, ఇవన్నీ కడుపు నిండినట్టే అనిపించకుండా జారిపోతున్నాయి, అది చూసి పాపం ఏడ్చేసింది.

ఎండోస్కోపీ, బేరియం ఎక్స్‌రే చేస్తే పొట్ట ఎలా ఉందో తెలుస్తుంది, బి12, ఐరన్, డి విటమిన్ కూడా చూపించుకోండి. గుండెల్లో మంట బాగా ఉంటే స్లీవ్ ని గ్యాస్ట్రిక్ బైపాస్ (గుండెది కాదు, పొట్టని చిన్నది చేసి పేగుకి కలిపే ఆపరేషన్) గా మార్చడం గురించి అడగండి. కానీ మొదటిసారికన్నా రెండోసారి కుట్లు వేసిన చోట లీకేజీ లాంటి రిస్క్ ఎక్కువండి, అందుకే సర్జన్ గారిని "ఇలాంటి రివిజన్లు మీరు ఎన్ని చేశారు" అని మొహమాటం లేకుండా అడగాలి. ఆకలి, బరువు తగ్గించే సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు నాకు పనికొస్తాయా అని కూడా, నా ఉద్దేశంలో కత్తికన్నా ముందే అడగాల్సింది ఇదే, డాక్టర్ చెప్పకుండా మాత్రం వాడొద్దు.

రెండో ఆపరేషన్ ఖర్చు ఇస్తారా లేదా అని ఇన్సూరెన్స్ వాళ్ళ మాట రాతపూర్వకంగా తీసుకోండి.