చిన్నాయన ఫోన్‌లో సేవ్ బటన్ ఎందుకు పనిచేయలేదంటే

బత్తాయి కోత లెక్కలు రాసుకోవడానికి మా చిన్నాయనకు ఒక ఆండ్రాయిడ్ యాప్ చేసిచ్చాను. నల్లగొండ చుట్టుపక్కల తోటలున్న మరికొందరు రైతులూ వాడుతున్నారు. 2025 ఆగస్టు 31 నుంచి ప్లే స్టోర్‌లో అప్‌డేట్ పెట్టాలంటే యాప్ ఏపీఐ 35ను, అంటే ఆండ్రాయిడ్ 15 వెర్షన్‌ను, టార్గెట్ చేయాలని రూల్ వచ్చింది కదా, ఆ నంబర్ మార్చి అప్‌లోడ్ చేశాను. మర్నాడు పొద్దున్నే ఫోన్: "బిడ్డా, సేవ్ ఒత్తితే యాప్ బయటికి పోతుంది."

నా ఫోన్‌లో ఏ ఇబ్బందీ లేదు. టెన్షన్‌తో రోజంతా డేటాబేస్ కోడ్ వెతికాను, దండగ. ఊరికి పోయి ఆయన ఫోన్ చేతిలో పట్టుకున్నాక తెలిసింది. నాది వేలితో జరిపే జెశ్చర్ నావిగేషన్, ఆయనది స్క్రీన్ కింద బ్యాక్, హోమ్ లాంటివి ఉండే మూడు బటన్ల పట్టీ. మా సేవ్ బటన్ సరిగ్గా హోమ్ బటన్ కిందికి జారింది.

ఆండ్రాయిడ్ 15లో, 35ను టార్గెట్ చేసిన యాప్ స్క్రీన్ అంచుల దాకా పరుచుకుంటుంది. సిస్టమ్ పట్టీలకు చోటు మనమే వదలాలి. ఆ పట్టీల కొలతలు చెప్పే సెట్‌ఆన్‌అప్లైవిండోఇన్‌సెట్స్‌లిజనర్ పెట్టి, సిస్టమ్‌బార్స్ కింది కొలతను బటన్ ఉన్న లేఅవుట్ ప్యాడింగ్‌కు (అంచు లోపలి ఖాళీకి) కలిపాను. ఇక్కడ జాగ్రత్త: అసలు ప్యాడింగ్‌ను ముందే ఒక వేరియబుల్‌లో దాచుకోవాలి. లేదంటే లిజనర్ పిలిచిన ప్రతిసారీ ప్యాడింగ్ పెరుగుతూనే ఉంటుంది. కంపోజ్ (స్క్రీన్లను కోడ్‌లోనే రాసే ఆండ్రాయిడ్ పద్ధతి) వాడేవాళ్లు అందులోని స్క్రీన్ చట్రం స్కాఫోల్డ్ ఇచ్చే ఇన్నర్‌ప్యాడింగ్ వాడితే చాలు.

థీమ్‌లో ఇలా అంచుల దాకా పరుచుకోవడాన్ని ఆపేసే ఆప్షన్ ఉంది, కానీ టార్గెట్ 36కు మారితే ఆండ్రాయిడ్ 16లో అది పనిచేయదు. అందుకే దాని జోలికి పోలేదు.

సాయంత్రం తోట గట్టు మీదే చిన్నాయన ఆ రోజు కోత ఎక్కించి సేవ్ ఒత్తాడు. ఎక్కింది.