ప్రార్థన పొడిబారినప్పుడు: లూథరు తన క్షురకుడికి నేర్పిన పద్ధతి

కన్ఫర్మేషన్ క్లాసులో, అంటే సంఘంలో తమ విశ్వాసాన్ని స్థిరపరచుకునేవాళ్లకు చెప్పే పాఠాల్లో, ప్రార్థన చేయడం రాదని ఎవరూ అనరు. చేయబుద్ధి కావడం లేదని మాత్రం, క్లాసు అయిపోయి అందరూ వెళ్లాక, గుమ్మం దగ్గర ఆగి మెల్లగా చెబుతారు. పెద్దవాళ్లూ అంతే. నోరు యేసు నేర్పిన పరలోక ప్రార్థన చెబుతూ ఉంటుంది, బుర్ర రేపటి ఆఫీసు పని లెక్కపెడుతూ ఉంటుంది. వాళ్లందరికీ నేను చెప్పే పద్ధతి ఒకటే. నేను కనిపెట్టింది కాదు. పీటరు బెస్కెన్‌డార్ఫ్ అనే క్షురకుడు ప్రార్థన ఎలా చేయాలని అడిగితే, జర్మనీలో సంఘ సంస్కరణ మొదలుపెట్టిన మార్టిన్ లూథరు 1535లో ఉత్తరం రూపంలో రాసి ఇచ్చింది.

అప్పటికి లూథరు పేరున్న వేదాంత ఆచార్యుడు. అడిగినవాడు ఆయనకు గడ్డం గీసే మనిషి. అయినా ఆయన పాఠం చెప్పలేదు, తాను రోజూ ఏం చేస్తాడో అదే వరసగా చెప్పాడు. ఆ ఉత్తరం మీద నాకు అంత ప్రేమ అందుకే.

ముందు సమయం సంగతి. పొద్దున లేవగానే మొదటి పని, రాత్రి పడుకునే ముందు చివరి పని ప్రార్థనే కావాలి. "కాస్త ఆగి చేద్దాం, ముందు ఈ పని చూసుకుందాం" అనే ఆలోచనను అసలు నమ్మొద్దంటాడు లూథరు. ఆ పని వెనక ఇంకో పని వస్తుంది, ఆ రోజుకి ప్రార్థన ఉండదు. ఈ కాలంలో దీనికి నాకు తెలిసిన ఒకే మందు, ఫోను వేరే గదిలో ఉంచడం. లేవడానికి అలారం కావాలంటే మామూలు గడియారం పెట్టుకోండి. ఫోను చేతిలోకి వచ్చాక మనసును వెనక్కి పిలవడం చాలా కష్టం.

తర్వాత, మనసు కుదిరేదాకా కూర్చుని ఎదురుచూడకండి. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. మనసు చల్లబడిందని అనిపించినప్పుడు లూథరు తన చిన్న కీర్తనల పుస్తకం పట్టుకుని గదిలోకో, ఆరాధన జరిగే వేళయితే గుడికో వెళ్లేవాడు. చిన్నపిల్లాడిలా పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం (క్రైస్తవులు తాము నమ్మేదాన్ని క్లుప్తంగా చెప్పే మాటలు) మాట మాటా తనలో తాను చెప్పుకునేవాడు. కొత్త మాటలు వెతుక్కోలేదు, నోటికి వచ్చిన పాత మాటలతోనే మనసును వేడెక్కించుకున్నాడు. మీరూ అలాగే చేయండి, వీలైతే చెవికి వినబడేలా. నిలబడినా మోకరించినా సరే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కుర్చీలో కూర్చోండి, దాని గురించి బాధపడొద్దు.

విశ్వాస పాఠాలను ప్రశ్నలు జవాబులుగా చెబుతూ లూథరు రాసిన పుస్తకం, 1529 నాటి చిన్న కేటకిజంలో ఉదయ ప్రార్థన సిలువ గుర్తుతో, తండ్రి కుమార పరిశుద్ధాత్మల నామంతో మొదలవుతుంది. సిలువ గుర్తు మనది కాదని కొందరు లూథరన్లు, అంటే లూథరు బోధను అనుసరించే మన సంఘాలవాళ్లే, అనడం విన్నాను. లూథరే వేసుకోమన్నాడు. అలవాటు లేకపోతే బలవంతం లేదు, వేసుకునేవాళ్లను మాత్రం వింతగా చూడకండి.

ఇక అసలు పద్ధతి. ఒక ఆజ్ఞ తీసుకుని దాన్ని నాలుగు వైపుల నుంచి ప్రార్థిస్తాం: నేర్చుకోవడం, కృతజ్ఞత చెప్పడం, ఒప్పుకోవడం, అడగడం. లూథరు దీన్ని నాలుగు పేటల దండ అన్నాడు. ఎనిమిదో ఆజ్ఞతో చేసి చూద్దాం: "నీ పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకకూడదు." (వేరే కొన్ని సంఘాల్లో నేర్చుకున్నవాళ్లకు ఇది తొమ్మిదోది. మన లూథరన్ల లెక్కలో విగ్రహాల మాట మొదటి ఆజ్ఞలోనే కలిసిపోతుంది, ఆశించకూడదన్న ఆజ్ఞ రెండవుతుంది.)

మొదట, దేవుడు ఇందులో నాకేం నేర్పుతున్నాడు? కేటకిజం వివరణ అబద్ధం చెప్పొద్దు, పేరు చెడగొట్టొద్దు అన్న దగ్గర ఆగదు. పొరుగువాడి తరఫున మాట్లాడమంటుంది, అతని గురించి మంచి చెప్పమంటుంది, అతను చేసిన ప్రతిదానికీ వీలైనంత మంచి అర్థం తీసుకోమంటుంది. ఈ చివరి మాట దగ్గర నేను చాలాసేపు ఉండిపోతాను. సంఘ కమిటీ మీటింగులో ఒకాయన మీ ప్రతిపాదనకు అడ్డుపడ్డాడనుకోండి. నా మీద కోపంతోనే అన్నాడు అనేది మనకు వెంటనే తోచే అర్థం. డబ్బు సరిపోదేమోనని భయపడ్డాడు అనేది మంచి అర్థం. రెండోదే నిజం కావచ్చు కదా.

రెండోది కృతజ్ఞత. మనం లేనిచోట మన గురించి ఏదో మాట వచ్చినప్పుడు, "ఆవిడ అలాంటి మనిషి కాదు" అని ఎవరో ఒకరు అని ఉంటారు. మనకు తెలియకుండానే మన పేరు కాపాడిన ఆ మనుషుల కోసం దేవునికి వందనాలు చెప్పండి.

మూడోది ఒప్పుకోలు. "ప్రభువా, నేను పాపిని" అని ఊరుకుంటే తప్పించుకున్నట్టే. ఎవరి గురించి, ఎవరి దగ్గర, ఏమన్నామో పేరుతో సహా చెప్పండి. ఇలా చేసేవాళ్లకు ఆదివారం ఆరాధనలో అందరితో కలిసి చెప్పే పాపపు ఒప్పుకోలు వేరేగా వినబడుతుంది. పాస్టరు గారు ప్రకటించే క్షమాపణ ఫలానా పాపం మీదికి వచ్చి వాలుతుంది.

నాలుగోది విన్నపం. "యెహోవా, నా నోటికి కావలియుంచుము" అనే 141వ కీర్తన మాట ఇక్కడ చక్కగా సరిపోతుంది. ఆ కమిటీ పెద్దమనిషి కోసం కూడా పేరు పెట్టి ప్రార్థించండి. మాటలు దొరక్కపోతే ఆయన పేరు చెప్పి ఊరుకోండి, చాలు.

మనసు పక్కకు పోతే? మంచి క్షురకుడు చూపూ ధ్యాసా కత్తి మీదే ఉంచుతాడని, కబుర్లాడుతూ దిక్కులు చూస్తే ఎదుటివాడి నోరో ముక్కో, చివరికి గొంతే కోసేస్తాడని లూథరు పీటరుకు రాశాడు. తన గొంతు మీద కత్తి పెట్టే మనిషికి ఆయన ఈ మాట రాశాడని గుర్తొస్తే నాకు ప్రతిసారీ నవ్వొస్తుంది. నా సలహా మాత్రం ఇది. పక్కన కాగితం ఉంచుకోండి. కట్టాల్సిన బిల్లు గుర్తొస్తే ఒక్క మాట రాసేసి ఆజ్ఞ దగ్గరికి తిరిగి రండి. ఎవరైనా మనిషి గుర్తొస్తే కాగితం వద్దు, అక్కడికక్కడే ఆ మనిషి కోసం ప్రార్థించండి.

ఒక్కోసారి రెండో పేట దగ్గరే మనసు నిండిపోతుంది. అప్పుడు మిగతావి వదిలేయండి. అలాంటప్పుడు పరిశుద్ధాత్మే ప్రసంగిస్తున్నాడని, మాట్లాడకుండా వినమని లూథరు అన్నాడు. నాలుగూ పూర్తి చేయాలనే పట్టుదల వద్దు. పొడుగు ప్రార్థన కంటే తరచుగా చేసే చిన్న ప్రార్థనే ఆయనకు నచ్చింది.

చివర ఆమేన్ గట్టిగా చెప్పండి. గొణగొద్దు. దేవుడు విన్నాడు, ఇది ఖాయం అని దాని భావం. మన ప్రార్థన బాగా కుదిరిందా లేదా అనే లెక్క దానిలో లేదు.

పీటరు గురించి ఇంకో విషయం చెప్పాలి. అదే ఏడాది అతను తన అల్లుణ్ణి కత్తితో పొడిచి చంపాడు. లూథరు అతని తరఫున మాట్లాడాడు, శిక్ష దేశబహిష్కారంగా ముగిసింది. ఇది తెలిశాక కొందరు, అయితే ఆ ఉత్తరం ఏం పనికొచ్చిందని నన్ను అడుగుతారు. నాకు మాత్రం మూడో పేట విలువ అక్కడే తెలిసింది. ప్రార్థన నేర్చుకున్న మనిషీ పడిపోతాడు. పడిపోయినవాడికి ఒప్పుకోలూ క్షమాపణా అక్కడే, అదే దండలో ఉన్నాయి.

రాత్రికి పెద్ద పనేమీ లేదు. విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన, చిన్న సాయంకాల ప్రార్థన, అంతే. ఆ తర్వాత సంతోషంగా వెంటనే నిద్రపొమ్మని కేటకిజం చెబుతుంది. ఆ 'వెంటనే'ను తేలిగ్గా తీసుకోకండి. పక్క మీద పడుకుని పగటి గొడవలన్నీ మళ్లీ తవ్వుకోవడం ఆమేన్‌ను వెనక్కి తీసుకోవడమే.

ఇంట్లో పిల్లలుంటే వారానికి ఒక ఆజ్ఞ చాలు. "దీని అర్థం ఏమిటి?" అనే కేటకిజం ప్రశ్న ముందు వాళ్లనే అడగండి, తర్వాత మీరు చెప్పండి. పెద్దవాళ్లు రోజుకొకటి తీసుకోవచ్చు: పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణంలో మూడు భాగాలు, పరలోక ప్రార్థనలో ఏడు విన్నపాలు, మొత్తం 20. అయిపోతే మళ్లీ మొదటికి రండి. మధ్యలో కొన్ని రోజులు తప్పిపోతే బాకీ తీర్చాలని చూడకండి. ఎక్కడ ఆగారో అక్కడి నుంచే, రేపు పొద్దున.