జూన్ 12 నుంచి మొదటి రెండు వారాలు: కొత్త క్లాసు పిల్లలకి దగ్గరవ్వడం ఎలా?

జూన్ 12న బడులు తెరిచేనాటికి మన వైపు ఇంకా ఎండ తగ్గదు, పుస్తకాలు కిట్లు పంచడం, అడ్మిషన్లు, టీసీలు, ఆన్‌లైన్ ఎంట్రీలు, మధ్యలో హెచ్ఎం గారి పిలుపులు, వీటన్నిటి నడుమ ఒక కొత్త క్లాసు మనకేసి చూస్తూ కూర్చుంటుంది. ఆ రోజే బోర్డు మీద మొదటి పాఠం పేరు రాసేస్తే సిలబస్ కాస్త ముందుకి జరిగినట్టు అనిపిస్తుంది, నేనూ చాలా ఏళ్ళు అలాగే చేశాను. నేను తెలుగు మాస్టర్ని, శ్రీకాకుళం జిల్లాలో 19 ఏళ్ళ సర్వీసు, సముద్రం పక్క ఊళ్ళో కొన్నాళ్ళు, ఉద్దానంలో కొన్నాళ్ళు, కొండ దగ్గర కొన్నాళ్ళు చేశాను. ఎక్కడ చేసినా ఒకటే చూశాను, మొదటి పది పన్నెండు రోజుల్లో పిల్లాడు నోరు తెరిస్తే మనం ఎలా విన్నామో దాన్ని బట్టే వాడు ఆ ఏడాదంతా మనతో ఉంటాడు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకి, ట్రాన్స్‌ఫర్ మీద కొత్త బడికి వెళ్ళినవాళ్ళకి పనికొస్తుందని నేను చేసేది వరసగా రాస్తున్నాను.

1. ముందు పేర్లు పట్టుకోండి

రిజిస్టర్ చూసి పిలిస్తే పేర్లు రావు. మన దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది, ఒకే క్లాసులో ఒకే పేరు ముగ్గురికి ఉంటుంది. విజయనగరం వైపు పైడితల్లి అమ్మవారి పేరున పైడిరాజులు, సింహాచలం అప్పన్న పేరున అప్పలనాయుళ్ళు, ఇటు శ్రీకూర్మం పేరున కూర్మారావులు, శ్రీముఖలింగం పేరున ముఖలింగాలు, ఈ మధ్య అయితే ప్రతి పేరుకి ముందో వెనకో ఒక సాయి. అందుకని ఇంటిపేరుతో పిలవడం, లేకపోతే "పొట్టి పైడిరాజు, నల్ల పైడిరాజు" అనడం అలవాటైపోతుంది, ఆ రెండోది మాత్రం వద్దు, ఎందుకంటే మనం ఒకసారి అన్న మాట పదో తరగతి అయ్యేదాకా వాడికి అతుక్కుపోతుంది.

నేను చేసేదేంటంటే, పాత నోట్‌బుక్ అట్టలు మడతపెట్టి బెంచీ మీద నిలబెట్టిస్తాను, దాని మీద పిల్లలే వాళ్ళని క్లాసులో ఏమని పిలవాలో పెద్ద అక్షరాలతో రాసుకుంటారు. రిజిస్టర్‌లో ఉన్న పేరే రాయక్కర్లేదు, ఇంట్లో పిలిచే పేరు రాసినా సరే. రోజుకి ఒక వరస, 45 మంది ఉన్నా వారంలో అయిపోతుంది. పొద్దున్న ప్రేయర్ అయ్యాక పిల్లలకంటే ముందు వెళ్ళి గది గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కళ్ళనీ పేరు పెట్టి లోపలికి పిలవండి, తప్పు పిలిస్తే వాళ్ళే నవ్వి సరిచేస్తారు, పర్లేదు. పేరు అడిగాక ఏ వీధి అని మాత్రం అడగకండి, మన ఊళ్ళల్లో వీధి అడిగితే కులం అడిగినట్టే, అది పిల్లలకి మనకంటే బాగా తెలుసు. ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారో మొదటి రోజే గమనించి, ఒక వీధి పిల్లలంతా ఒక మూలకి చేరిపోతుంటే వారం వారం బెంచీలు మార్చే పద్ధతి అప్పుడే పెట్టేయండి.

2. పిల్లల మాటని దిద్దకండి, కనీసం మొదటి నెల

ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను చేసిన తప్పు ఇక్కడే ఉంది.

సర్వీసులో రెండో ఏడాది, ఆరో తరగతి, ఏదో ప్రశ్న అడిగితే చివరి బెంచీ నుంచి ఒక కుర్రాడు చెయ్యెత్తి లేచి "నాను సెప్తాను సార్" అన్నాడు. జవాబు వాడికి తెలుసు, మొహంలోనే కనబడుతోంది. నేను మాత్రం జవాబు వినకుండా "నాను సెప్తాను కాదురా, నేను చెప్తాను అనాలి" అన్నాను. క్లాసంతా నవ్వింది. వాడు ఒక్క క్షణం నిలబడి కూర్చుండిపోయాడు. ఆ తర్వాత దసరా సెలవుల దాకా నా క్లాసులో చెయ్యెత్తలేదు, నోట్సు రాసేవాడు, హోంవర్క్ చేసేవాడు, మాట మాత్రం లేదు. ఒకటో తరగతి నుంచి ఆరో తరగతి దాకా పెంచుకొచ్చిన ధైర్యాన్ని నేను ఒక్క అక్షరం కోసం పోగొట్టేశాను.

మనమంతా ఈ నేల మీద పుట్టినవాళ్ళమే, మన అమ్మలు "ఏటి", "నేదు", "కూకో" అన్నవాళ్ళే. అయినా బీఈడీ చేసి వచ్చేసరికి ఆ మాట వింటే దిద్దాలనిపిస్తుంది. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామ్మూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో మాస్టరుగా ఉంటూ ఏం చేశారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. కొండల్లో ఉండే సవరలతో మాట్లాడ్డానికి ముందు ఆయనే సవర భాష నేర్చుకున్నారు, ఆ భాషలో వాచకాలు తయారుచేశారు, వాళ్ళ పిల్లల కోసం బడులు పెట్టించారు. తెలుగులో జనం మాట్లాడే మాట పుస్తకాల్లోకి రావాలని పోరాడిందీ ఆయనే. ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ వేస్తాం, ఆ బడిలోనే "ఏటి" అన్న పిల్లని చూసి నవ్వుతాం. నాకు ఇది నిజంగా బాధగా ఉంటుంది.

మరి ఏం చెయ్యాలి? పిల్ల చెప్పింది చివరిదాకా వినండి, చెప్పిన విషయానికి జవాబివ్వండి. "పొద్దున్న సోడంబలి (రాగి అంబలి) తాగొచ్చినాను సార్" అంటే "చోడి అంబలి తాగొచ్చావా, మంచిది తల్లీ, మరి ఉల్లిపాయ నంజుకున్నావా?" అనండి చాలు. మన నోట పుస్తకం మాట సహజంగా వస్తే పిల్లలు దాన్ని పట్టుకుంటారు, విడిగా దిద్దక్కర్లేదు. ఎవరైనా నవ్వితే నవ్వినవాళ్ళని తిట్టకుండా, మా అమ్మ కూడా ఇలాగే అంటుంది అని మామూలుగా చెప్పేయండి, నవ్వు ఆగిపోతుంది.

మొదటి వారంలోనే ఒక పీరియడ్ దీనికి పెట్టండి. బోర్డు మధ్యలో గీత గీసి ఒక పక్క ఇంటి మాట, రెండో పక్క పుస్తకం మాట అని రాయండి. ఏటి, ఏమిటి. నేదు, లేదు. కూకో, కూర్చో. తొంగున్నాడు, పడుకున్నాడు. ఉభాలు, వరినాట్లు. నాలుగు మీరు రాశాక చాక్‌పీస్ వాళ్ళకి ఇచ్చేయండి, బోర్డు సరిపోదు. ఇంటికెళ్ళి మామ్మని అడిగి ఒక్కో మాట తెమ్మనండి, ఎప్పుడూ మాట్లాడని పిల్లలే ఎక్కువ తెస్తారు. పరీక్షలో ఏ పక్క మాట రాయాలో పిల్లలకి తెలియాలి, అది నేర్పడం మన బాధ్యతే, కానీ ఇంటి మాట తప్పు అని ఎప్పుడూ చెప్పకండి. సీతంపేట వైపు సవర పిల్లలున్న బడులైనా, ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలున్నా బోర్డు మీద మూడో గడి గీయండి, అక్కడ పిల్లలు చెప్తారు, మనం నేర్చుకుంటాం. మాస్టారు ఒక మాట పలకలేక తడబడుతుంటే సరిచేసే అవకాశం వచ్చిన పిల్ల ఆ రోజు ఎలా వెలిగిపోతుందో చూడండి.

3. "మీ నాన్న ఏం చేస్తారు?" అని అందరి ముందూ అడగొద్దు

మొదటి రోజు పరిచయాల్లో మనం అలవాటుగా అడిగే ప్రశ్న ఇదే. ఉద్దానంలో, కవిటి సోంపేట వైపు, ఈ ప్రశ్నకి కిడ్నీ జబ్బుతో మంచాన ఉన్న నాన్న జవాబు కావచ్చు, వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కి తీసుకెళ్ళే అమ్మ కావచ్చు. తీరంలో అయితే గుజరాత్ వేరావల్లో బోటు మీదున్న నాన్న. మెట్ట ఊళ్ళల్లో హైదరాబాద్ బిల్డింగ్ పనికి వెళ్ళిపోయిన అమ్మానాన్నలు. నాన్న లేని పిల్లలూ ఉంటారు. వీళ్ళంతా లేచి నిలబడి నలభై మంది ముందు అది చెప్పాలా?

దాని బదులు నీకు బాగా వచ్చిన పని ఏంటి అని అడగండి. ఈత కొడతాను, వల అల్లుతాను, జీడిపిక్క ఒలుస్తాను, తమ్ముడికి జడ వేసి ఆడిస్తాను, మేకల్ని పేరుపెట్టి పిలుస్తాను, ఇలాంటివి వస్తాయి. ఇంటి సంగతులు మెల్లిగా వాళ్ళే చెప్తారు, దానికే తర్వాతి పని.

4. ఒక్క పిల్లాడికి రోజుకి రెండు నిమిషాలు, పది రోజులు

రేమండ్ వ్లోడ్‌కోవ్‌స్కీ అనే అమెరికన్ విద్యావేత్త పేరుతో ఈ పద్ధతి చెప్తుంటారు. క్లాసులో అందరికంటే దూరంగా ఉండే పిల్లాణ్ణి ఎంచుకుని, వరసగా పది పనిదినాలు, రోజుకి రెండు నిమిషాలు, చదువు ఊసు లేకుండా మాట్లాడాలి. మార్కులు వద్దు, నడవడిక వద్దు, సలహా అసలే వద్దు.

తీరం బడిలో ఎనిమిదో తరగతి కుర్రాడు రోజూ రెండో పీరియడ్‌కల్లా బెంచీ మీద తల పెట్టేసేవాడు, స్టాఫ్ రూంలో అందరం వాడు మొద్దు అనే అనుకున్నాం. మధ్యాహ్నం భోజనం అయ్యాక పళ్ళాలు కడిగే కుళాయి దగ్గర వాడి పక్కన నిలబడ్డం మొదలెట్టాను. మొదటి మూడు రోజులు "ఊఁ", "లేదు సార్", అంతే. నాలుగో రోజు వాడి చేతి వేళ్ళ మధ్య సన్నటి కోతలు కనబడితే ఇవేంటి బాబూ అన్నాను. వల తాడు కోసింది అన్నాడు. తెల్లవారుజామున మూడింటికి తాతతో ఒడ్డుకి వెళ్ళి వల లాగి, చేపలు వేరుచేసి, తలస్నానం చేసి బడికొస్తున్నాడు, నాన్న లేడు. ఆ రోజు నుంచి ఏ చేపకి ఏ వల, ఏ గాలికి తెప్ప దింపకూడదు అన్నీ వాడే చెప్పేవాడు, నేను వినేవాణ్ణి. తాతతో మాట్లాడి వారంలో మూడు రోజులకి తగ్గించుకున్నాం. నిద్ర పూర్తిగా పోలేదు, కానీ నిద్రొస్తే "సార్, మొహం కడుక్కొస్తాను" అని అడిగి వెళ్ళి వచ్చేవాడు.

ఒకేసారి పదిమందితో మొదలెట్టకండి, ఒక్కరితో చాలు, వాళ్ళయ్యాక ఇంకొకరు. ఆడపిల్లలతో అయితే నలుగురికీ కనబడే చోట, వరండాలోనో కుళాయి దగ్గరో మాట్లాడండి, ఖాళీ గదిలోకి పిలవకండి.

5. రూల్స్ మూడు చాలు

పిల్లలతో కలిసి పెట్టండి, చార్టు మీద వాళ్ళ చేతే రాయించండి. అందులో మాస్టారు పాటించాల్సింది ఒకటి ఉండాలి. మా క్లాసులో పోయినేడు పిల్లలు పెట్టింది "సార్ ఫోన్ చూడకూడదు".

6. ఇంటికి మొదటి కబురు మంచిదై ఉండాలి

బడి నుంచి ఫోన్ వచ్చిందంటే ఏదో గొడవ అనే ఇళ్ళల్లో అనుకుంటారు. అందుకే మొదటి రెండు వారాల్లో ప్రతి ఇంటికీ ఒక మంచి మాటతో ఫోన్ చెయ్యండి, రోజుకి నలుగురైదుగురు. "మీ పాప ఈ రోజు బోర్డు మీద భలే రాసింది అమ్మా" అంటే చాలు, అటువైపు ఒక్క నిమిషం మాటే రాదు, నిజంగా అంతే చెప్పడానికి చేశారా అని అడుగుతారు. హైదరాబాద్‌లో, విశాఖలో పనుల్లో ఉన్నవాళ్ళకి రాత్రి ఎనిమిది దాటాక చెయ్యండి, చదువు రానివాళ్ళకి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టండి.

తీరం ఊళ్ళల్లో టైమ్ చూసుకోవాలి. సముద్రంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. అంటే బడి తెరిచిన ఆ రెండు మూడు రోజులే నాన్నలు ఖాళీగా ఇంటి దగ్గర దొరుకుతారు, తర్వాత బోట్లు వెళ్ళిపోతాయి. పడమటి తీరంలో నిషేధం ఇంకా ఆలస్యంగా ముగుస్తుంది కాబట్టి వేరావల్ వెళ్ళేవాళ్ళు ఆగస్టు దగ్గర బయల్దేరతారు, వాళ్ళని జూలైలోపే కలవండి.

కలిసినప్పుడు ఒక మాట ఖాయంగా వస్తుంది. "మా గుంటణ్ణి మీ సేతిలో ఎట్టినాను మేష్టారూ, సదవకపోతే తోలు తీసీండి." ప్రేమతో, నమ్మకంతో అనే మాటే అది. నవ్వి ఊరుకోకండి, పిల్లాడు పక్కనే ఉంటాడు, మన మొహమే చూస్తుంటాడు. "కొట్టక్కర్లేదమ్మా, వీడు మంచిగా చెప్తే వినే రకం, నేను చూసుకుంటాను" అని వాడి ముందే చెప్పండి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది, ఆ సంగతి మనకి తెలియాలి, కానీ ఆ తల్లికి చట్టం చెప్పడం కంటే భరోసా చెప్పడం ముఖ్యం.

7. తప్పు మనదైతే అదే చోట ఒప్పుకోండి

ఒకరు చేసిన అల్లరికి ఇంకొకర్ని కేకలేస్తాం, అందరికీ జరిగేదే. క్లాసులో తిట్టి స్టాఫ్ రూంకి పిలిచి సారీ చెప్తే అది పూర్తవ్వదు, తిట్టింది నలభై మంది విన్నారు, సారీ కూడా నలభై మంది వినాలి. గౌరవం తగ్గుతుందేమో అని నాకూ భయముండేది, ఒక్కసారి కూడా తగ్గలేదు.

8. రెండు వారాలయ్యాక నోట్‌బుక్ తెరవండి

జూన్ నెలాఖర్లో ఒక సాయంత్రం రిజిస్టర్ చూడకుండా పిల్లల పేర్లన్నీ రాసి, ఒక్కో పేరు పక్కన చదువుకి సంబంధం లేని ఒక్క విషయం రాయండి. ఎవరి పక్కన ఖాళీ ఉందో, ఎవరి పేరు అసలు గుర్తే రాలేదో, ఆ పిల్లలతో రేపటి నుంచి రెండు నిమిషాలు మొదలెట్టాలి. నాకు ప్రతిసారీ నెమ్మదిగా ఉండే ఆడపిల్లలే మిగిలిపోతారు, అల్లరి చేసేవాళ్ళు వెంటనే గుర్తుకొచ్చేస్తారు.

తర్వాత జూలైలో వానలు పడి ఉభాలు మొదలైతే కొందరు పిల్లలు వారం పది రోజులు బడికి రారు. తిరిగొచ్చిన రోజు గుమ్మం దగ్గర "ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావ్" అనకండి. పేరు పెట్టి పిలిచి, "వచ్చావా, మీ మడి అయిపోయిందా?" అని అడిగి, తప్పిపోయిన నోట్సు ఎవరి దగ్గర రాసుకోవాలో చెప్పి లోపలికి పంపండి. ఆ నోట్సు ఇచ్చే పిల్లని ముందురోజే మాట్లాడి ఉంచుకోండి.